వెనక్కి పడని మనిషి

ఆయన మొదటిసారి మా గుమ్మంలో నిలబడినప్పుడు ఇంట్లో చీకటి పడింది. వంటింట్లో ఉన్న అమ్మ మబ్బు పట్టిందేమోనని ఎండబెట్టిన మిరపకాయలు తీయడానికి బయలుదేరి, ద్వారబంధాన్ని నింపేసిన ఆ మనిషిని చూసి గోడకు ఆనుకుపోయింది. ఆయన చంక కింది నుంచి వంగి ఒక చిన్న మనిషి లోపలికి వచ్చింది. మాకు బాగా తెలిసిన నర్సమ్మే.

"భయపడొద్దు లేమ్మా, మా తమ్ముడే. వీడు మనుషుల్ని తినడు, అన్నమే తింటాడు" అంది.

నర్సు కాబట్టి అందరూ నర్సమ్మ అనేవాళ్లు కానీ ఆమెది జపాను. చిత్తూరు పోయే దారిలో ఉన్న మిషన్ ఆసుపత్రిలో కుష్టు రోగుల పుండ్లు కడిగి కట్లు కట్టడానికి నా చిన్నప్పుడే వచ్చి ఉండిపోయింది. తెలుగు నేర్పింది ఆ రోగులే కాబట్టి ఆమె మాట అచ్చం మా పల్లెల మాటే. కళ్లు మూసుకుని వింటే పాకాల సంతలో ఎవరో గొర్రెలు బేరమాడుతున్నట్టు ఉండేది.

మా నాయన ఆ చుట్టుపక్కల పల్లెలకంతా పాస్టరు. రేకుల కప్పు వేసిన మందిరం, దాని వెనకే మా ఇల్లు. సన్నటి మనిషి, ఆయాసం ఉండేది. చలికాలం వస్తే ప్రసంగం మధ్యలో ఆగి, పీఠం పట్టుకుని, ఊపిరి దొరికాక మళ్లీ మొదలుపెట్టేవాడు. నాకప్పుడు ఇరవై దాటాయి. కాలేజీ చదువు అయిపోయి, నాయనకు చేదోడుగా ఆదివారపు బడి నడుపుతూ ఉన్నాను. తొంభైలు ముగిసే ఆ రోజుల్లో వరసగా వానలు లేవు. ఏర్లలో ఇసుక తప్ప ఏమీ మిగల్లేదు.

నర్సమ్మ తమ్ముడు జపానులో సుమో మల్లుడు. మన పహిల్వాన్ల కుస్తీ లాంటిదే కానీ దాని పద్ధతి వేరు. బంకమట్టి మెత్తిన గుండ్రటి గోదా, చుట్టూ గడ్డితాడు. అరికాళ్లు తప్ప ఒంట్లో ఏది నేలకు తగిలినా ఓటమే, తాడు దాటి బయట అడుగు పెట్టినా ఓటమే. పదిహేనేళ్ల వయసులో గురువు ఒకాయన వాళ్ల చేపల ఊరికి వచ్చి, ఈయన భుజాలు తడిమి చూసి, వెంట తీసుకుపోయాడట. అక్కడ తెల్లవారకముందే లేచి ఖాళీ కడుపుతో సాధన చేయాలి. పెద్దవాళ్ల వీపులు రుద్దాలి, వాళ్లకు వండాలి, వాళ్లు తిన్నాక అడుగున మిగిలింది తినాలి. గెలిచేకొద్దీ మెట్టు పైకి, ఓడేకొద్దీ మెట్టు కిందికి. ఈయన పైమెట్లు ఎక్కి, జీతం వచ్చే స్థాయికి చేరి, తనకు వీపు రుద్దే కుర్రాళ్లు కూడా ఉన్న రోజులు చూసి, మళ్లీ అంచెలంచెలుగా దిగిపోయాడు. చివరకు మల్లులు పెంచుకునే జుట్టుముడి కోసి పంపేశారు. ఊళ్లో ముఖం చూపించలేక అక్క దగ్గరికి వచ్చాడు. ఇదంతా నర్సమ్మ మా అరుగు మీద కూర్చుని చెప్పిందే. ఎందుకు దిగిపోయాడో మాత్రం అప్పుడు చెప్పలేదు.

ఆ ఏడాదంతా ఆయన మందిరానికి వచ్చాడు. బల్ల విరిగిపోతుందని వెనక గోడ వారగా గచ్చు మీదే కూర్చునేవాడు. కాణిపాకం పోయే బస్సులు మా మలుపులో నెమ్మదిస్తే కిటికీల్లోని తలలన్నీ ఆయన వైపు తిరిగేవి. సంఘంలో పిల్లలకు ఆయనంటే ఆట. నాకు మాత్రం భయం. కొట్టేవాడని కాదు. ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకున్నప్పుడు ఆయన ఊపిరి వినబడేది. లోపల ఎక్కడో ఆగి, ఇక రాదేమో అనిపించాక, గుటకతో మళ్లీ వచ్చేది. ఆ ఖాళీలో నా ప్రార్థన కూడా ఆగిపోయేది. ఈ మనిషి ఇక్కడే, మా మధ్యనే, ఏదో ఒకరోజు పడిపోతాడని నాకు గట్టిగా అనిపించేది.

ఎండాకాలం మొదట్లో ఆయన బాప్తిస్మం కావాలని అడిగాడు.

మా సంఘంలో బాప్తిస్మం అంటే ముంచడమే. నీళ్లు చిలకరించడాన్ని మేము బాప్తిస్మంగా ఎంచము. పాత మనిషి చచ్చి పాతిపెట్టబడతాడు, కొత్త మనిషి లేస్తాడు. శవాన్ని పడుకోబెట్టినట్టే వెల్లకిలా ముంచుతాము. బాప్తిస్మానికి ముందు నాయన వారం రోజులు పాఠాలు చెప్పేవాడు. చివరి పాఠంలో ప్రతి ఒక్కరితో ఒకే మాట అనేవాడు. అది నాకు పసితనం నుంచి కంఠతా వచ్చు. "ఆడ నువ్వు సేసేది ఏమీ లేదు నాయనా. నీ అంతట నువ్వు లేయొద్దు. ముంచినోడే లేపుతాడు. నువ్వు ఊరికే వదిలెయ్."

ఈత వచ్చినవాళ్లు, మోకాళ్ల నొప్పులవాళ్లు, అందరూ ఆ మాట విని తల ఊపేవాళ్లు, నీళ్లలో మాత్రం తమంతట తామే తటాలున లేచిపోయేవాళ్లు. ఆ మాటను ఉన్నదున్నట్టు పట్టుకున్నవాణ్ణి అంతవరకు నేను చూడలేదు.

నర్సమ్మ ఆ మాటను తమ్ముడికి వాళ్ల భాషలో చెప్పింది. ఆయన మళ్లీ చెప్పమన్నాడు. రెండోసారి విన్నాక చేతులు మోకాళ్ల మీద పెట్టి నాయనకు వంగి దండం పెట్టాడు.

నీళ్లలో తడబాటు ఉండకూడదని నాయన అందరికీ ముందుగా పొడి నేల మీద చూపించేవాడు. ఆ రోజు మా ముందు గదిలో పరుపులన్నీ తెచ్చి పరిచాము. నర్సమ్మ తమ్ముడు చేతులు రొమ్ము మీద ముడిచి నిలబడ్డాడు. నాయన పక్కన నిలబడి ఒక చెయ్యి మెడ వెనక వేశాడు. ఆయన భుజాన్ని అందుకోవడానికే మునివేళ్ల మీద లేవాల్సి వచ్చింది. రెండో చెయ్యి ఆయన రొమ్ము మీద పెట్టి వెనక్కి తోశాడు.

ఆ తోపు ఎంతటిదని. ఊయల తోసినంత. కానీ ఆ చెయ్యి రొమ్ముకు తగలగానే ఆయన ముఖంలోంచి ఆ మనిషి వెళ్లిపోయాడు. కాళ్లు ఎడమయ్యాయి, నడుము కిందికి దిగింది, రెండు చేతులు వచ్చి నాయన పంచెకట్టును పట్టుకున్నాయి. నాయన పాదాలు నేల విడిచాయి. గోడకు కొడతాడనుకున్నాను. అమ్మ "సామీ" అంది.

అంతలో ఆయనకు తెలివి వచ్చింది. నాయనను నీళ్లు నిండిన కుండను దించినట్టు నెమ్మదిగా దించి, ఆ పరుపుల మీదే మోకరించి నుదురు నేలకు ఆనించాడు. ఎంతకీ లేవడు. నాయన ఆయాసపడుతూనే ఆయన వీపు మీద చెయ్యి వేసి ఉంచాడు.

అప్పుడు నర్సమ్మ దాచిన సంగతి చెప్పింది. సాధన చేసే చోట ఒకరోజు ఈయన పట్టు తప్పి పడ్డాడు. కింద తనకంటే చిన్నవాడు ఒకడున్నాడు. ఆ చిన్నవాడు మళ్లీ నడవలేదు. గురువు ఏమీ అనలేదు, ఆ కుర్రాడి తల్లిదండ్రులూ ఏమీ అనలేదు. ఆనాటి నుంచి ఈయన ఒంటికి పడటమంటే భయం పట్టుకుంది. తను పడితే కింద ఎవరో నలుగుతారు. గోదా అంచుకు రాగానే, అవతలివాడి మీద పడకూడదని తానే తాడు బయట అడుగు వేసేవాడు. చూసేవాళ్లకు అది ఓటమి. అట్లా ఎక్కిన మెట్లన్నీ దిగాడు.

"వాడికి ఓడిపోయేదానికి భయం లేదు అయ్యగారూ. పడేదానికే భయం" అంది నర్సమ్మ.

ఆ మాట తర్వాత మా ఇంట్లో అందరి భయమూ ఒకటే అయింది. ఈ మనిషిని నీళ్లలో వెనక్కి వాల్చేటప్పుడు మళ్లీ అట్లా జరిగితే నాయన బతకడు. సంఘ పెద్ద ఒకాయన, నాయన ఈడువాడు, ఇంటికి వచ్చి కూర్చుని, చెంబుతో తల మీద నీళ్లు పోసేద్దాం, దేవుడికి అర్థం కాదా అన్నాడు. అమ్మ ఆయనకు రెండోసారి కాఫీ కూడా ఇచ్చింది, ఆ మాట నాయన చేత ఒప్పించమన్నట్టు.

"నేను సచ్చిపోతానని భయపడి వాక్యాన్ని చెంబులో పట్టిస్తే, రేపు నా ముందర కూర్చునేవాళ్లకు ఏమని సెప్పేదప్పా" అన్నాడు నాయన.

ఆ వారం నేను ఉపవాసం ఉన్నాను. నిజం చెప్పాలంటే ఆ మనిషి రక్షణ కోసం కాదు, మా నాయన ప్రాణం కోసం. మోకాళ్ల మీద ఉన్నప్పుడల్లా గచ్చు విడిచిన నాయన పాదాలే కనబడేవి.

ఏర్లు ఎండిపోవడంతో ఆ ఏడు నీళ్లు నిలిచింది ఒకే ఒక్క చోట. ఊరి బయట ఒక రైతు పొలంలో రాతికట్టు బావి. ఆయనది వినాయకుణ్ణి కొలిచే ఇల్లు. అయినా నాయనంటే గౌరవం, అడగ్గానే సరేనన్నాడు. బావికి ఒక పక్క మెట్లు. అడుగున నీటిలో మునిగి ఒక వెడల్పాటి రాతి తిన్నె. దాని మీద నిలబడితే నాకు రొమ్ము దాకా నీళ్లు. తిన్నె దాటితే ఇక అడుగు లేదు. ఎంత లోతో ఆ రైతుకే తెలియదు. తిన్నె అంచున, లోతు వైపు, ఈత వచ్చిన నేను నీళ్లలో ఉండాలని నిర్ణయించారు. ఆయన వాలినప్పుడు అంచు దాటి జారిపోకుండా వెనక నుంచి భుజాలు ఆపాలి. నేను ఒప్పుకున్నాను. ఆ భారం మీద పడితే నేను కిందికే పోతానని అందరికీ తెలుసు. ఎవరమూ ఆ మాట అనుకోలేదు.

పొద్దున ఆరాధన కాగానే బావి దగ్గరకు నడిచాము. అప్పటికే ఎండ చురుక్కుమంటూ ఉంది. నర్సమ్మ తమ్ముడికి సరిపడే తెల్లబట్టలు దొరక్క అమ్మ రెండు దుప్పట్లు కలిపి కుట్టింది. రైతు మోటారు గది గుమ్మంలో కూర్చుని బీడీ కాలుస్తూ చూస్తున్నాడు.

"ఏం పాస్టరూ, ఆయప్ప దిగితే నీళ్లు గట్టెక్కుతాయి గదా. మోటారు లేకుండానే నా చెరుకు తడుస్తాది" అన్నాడు.

జనం నవ్వారు. మెట్లు దిగుతూ నాయన కూడా నవ్వాడు. నాయన వీపు చూస్తే మాత్రం చొక్కా లోపల ఎముకలు ఎగసిపడుతున్నాయి. అప్పుడే ఆయాసం మొదలైంది.

బావిలోకి దిగాక పైన ఎండ ఉన్నా లోపల చలి. పాట ఆపేశారు. నేను అంచు దాటి నీళ్లలో కాళ్లు ఆడిస్తూ పక్క గోడ రాయిని పట్టుకున్నాను. ఆయన వీపు నా ముందర గోడలా ఉంది. నర్సమ్మ చివరి మెట్టు మీద పాదాలు తడిసేలా నిలబడింది. నాయన ప్రశ్నలు అడిగాడు, ఆయన తెలుగులోనే, నేర్చుకున్నట్టు, "నమ్ముతా ఉండాను" అన్నాడు. నాయన మెడ వెనక చెయ్యి వేశాడు. రొమ్ము మీద చెయ్యి పెట్టాడు.

ఆయన కదల్లేదు. చేతులు నాయన మీదికి రాకుండా తన చేతులను తానే గట్టిగా పట్టుకుని ఉన్నాడు. ఆ వేళ్లు తెల్లబడ్డాయి. కాళ్లు మాత్రం తిన్నెలోకి నాటుకుపోయాయి. నాయన మళ్లీ తోశాడు. నాచు మీద నాయన కాలే జారింది. నాయన అంచు వైపు ఒరిగి, ఆయన భుజాన్ని పట్టుకుని నిలదొక్కుకున్నాడు. పైన అమ్మ ఏడుపు వినబడింది.

అప్పుడు ఆయన తల తిప్పి నన్ను చూశాడు. అంత పెద్ద ముఖంలో అంత బెదురు నేను ఎన్నడూ చూడలేదు. అక్కతో గబగబా ఏదో అన్నాడు.

"నిన్ను ఆడి నుంచి తీసేమంటా ఉండాడబ్బా" అంది నర్సమ్మ. "నీ మీద పడతాడంట. నువ్వు ఎనకాల ఉండేదాకా వాడు పడడు."

నేను జరిగితే ఆయన వెనక లోతు తప్ప ఇంకేమీ లేదు. జరగకపోతే ఆయన వాలడు. నేను నాయన వైపు చూశాను. నాయన కళ్లు మూసుకుని ఉన్నాడు. ఊపిరి ఈల వేస్తూ ఉంది. ప్రార్థిస్తున్నాడో, ఊపిరి కోసం ఆగాడో తెలియదు. ఆ రెండూ మా నాయన విషయంలో ఎప్పుడూ వేరు కావు.

కళ్లు తెరిచి నర్సమ్మతో అన్నాడు, "అమ్మా, ఒక మాట అడుగు. ఆ గోదాలో ఎప్పుడైనా, ఎవురి సేతి కిందైనా, భయం లేకుండా పడినాడా?"

ఆమె అడిగింది. ఆయన జవాబిచ్చాడు. సాధన చివర పెద్దవాడొకడు తన రొమ్మును చిన్నవాడికి ఇస్తాడట. చిన్నవాడు సత్తువంతా పెట్టి ఆ రొమ్మును తోసుకుంటూ గోదా దాటించాలి. ఇక శక్తి లేదన్నప్పుడు పెద్దవాడు అతని మెడ మీద చెయ్యి వేసి కిందికి వంచుతాడు. చిన్నవాడు ముందుకు ఒరిగి మట్టిలో దొర్లుతాడు. ఆ చేతికి ఎవరూ ఎదురు తిరగరు. అది ఓటమి కాదు.

"ముందుకా?" అన్నాడు నాయన.

"ముందుకే అయ్యగారూ."

నాయన పైకి చూశాడు, మెట్ల మీద నిలబడ్డ సంఘం వైపు. "మునగమని ఉండాది వాక్యంలో. ఎనక్కా ముందుకా అని లేదు. ఎనక్కి వాల్చేది మన అలవాటు" అన్నాడు.

నాయన ఆయన్ను మెట్ల వైపే ముఖం పెట్టి నిలబెట్టి, ముందు ఎవరూ లేకుండా నర్సమ్మను కూడా పైమెట్టు ఎక్కమన్నాడు. రొమ్ము మీది చెయ్యి తీసేసి, మెడ మీద మాత్రం అరచెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి తగలగానే ఆ భుజాలు దిగిపోయాయి. త్రియేక దేవుని నామాన్ని నాయన ఉచ్చరించాడు. ఆయన మోకాళ్లు వంచి, తల వంచి, తానే నీళ్లలోకి వెళ్లిపోయాడు. నీళ్లు ఆయన వీపు మీద కలుసుకున్నాయి. పైన "స్తోత్రం" అన్నారు.

నాయన చెయ్యి తీశాడు. అంత సులువుగా తానే మునిగినవాడు తానే లేస్తాడనుకున్నాడు. నేనూ అట్లాగే అనుకున్నాను.

ఆయన లేవలేదు.

బుడగలు వచ్చాయి, తర్వాత అవి కూడా ఆగాయి. దుప్పటి గుడ్డ తెల్లగా ఉబ్బి నీటి మీద తేలింది. దాని కింద ఆ వీపు, కదలిక లేకుండా. మందిరంలో ఆగిపోయే ఆ ఊపిరి గుర్తుకొచ్చింది. గుండె ఆగిపోయింది, చచ్చిపోయాడు, మేమే చంపాము అనుకున్నాను. నాయన ముఖం చూశాను. నాయన పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేదు. ఏ మాట అంటున్నాడో నాకు తెలిసింది. అది నాయన ప్రతి ఒక్కరికీ చెప్పే మాటే. నీ అంతట నువ్వు లేయొద్దు. ముంచినోడే లేపుతాడు.

ఆ మనిషి చచ్చిపోలేదు. కాచుకుని ఉన్నాడు.

నాయన రెండు చేతులూ నీళ్లలోకి దూర్చి, గడ్డం మునిగేలా వంగి, ఆ రొమ్ము కింద పట్టుకున్నాడు. నేను తిన్నె మీదికి ఎగబాకి, నీళ్లలో మునిగి, ఆయన చంకలో తల పెట్టాను. కొండను ఎత్తబోతున్నట్టు బిగుసుకుని ఎత్తాను. ఆ బరువు అక్కడ లేదు. నేల మీద ఆరుగురు కలిసినా కదపలేని శరీరం ఆ నీళ్లలో గడ్డిమోపులా లేచి వచ్చింది. ఆ తేలికదనానికి నేను బరువు కంటే ఎక్కువ భయపడ్డాను. ఎత్తుతున్నది మేము కాదన్నట్టు అనిపించింది. ఇప్పటికీ నా మాట అదే.

ఆయన నీళ్లు కారుతూ నిలబడి, దగ్గి, రొప్పి, అక్క వైపు తిరిగి ఏదో అడిగాడు. నర్సమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియదు.

"ఏమంటాడమ్మా?" అన్నాడు నాయన.

"లేపేదానికి ఇంతసేపా అంటా ఉండాడు అయ్యగారూ."

మోటారు గది దగ్గర రైతు గట్టిగా నవ్వాడు. ఎవరో పాట అందుకున్నారు. నాయన మాత్రం పాడలేదు. మెట్టు మీద కూర్చుని చేతులు ఒడిలో పెట్టుకున్నాడు. అమ్మ దిగివచ్చి తువ్వాలు కప్పింది. ఇంటికి పోయాక కాఫీ గ్లాసు నాయన పట్టుకోలేకపోతే నేనే తాగించాను. నోరు తడిశాక ఒక్కటే అన్నాడు. "నమ్మినాడు రా. నేను సెప్పింది సెప్పినట్టే నమ్మినాడు."

నర్సమ్మ తమ్ముడు అక్క దగ్గరే ఉండిపోయాడు. ఆసుపత్రిలో కాళ్లు లేని రోగుల్ని స్నానాల గదికి మోసుకుపోయేవాడు. ఒకసారి చూశాను, ఒక ముసలాయనను మంచం మీద పడుకోబెడుతున్నాడు. మెడ కింద అరచెయ్యి వేసి వెనక్కి వాల్చి, తల దిండుకు తగిలాక కూడా ఆ చెయ్యి వెంటనే తీయలేదు.

నాయన ఆ పాఠం చెప్పడం మానలేదు. మాట కూడా మార్చలేదు. కానీ ఆ రోజు తర్వాత ఎవరిని ముంచినా, పసివాడి వంటి మనిషైనా, నీళ్లలో ఉన్నంతసేపూ వాళ్ల మీది చెయ్యి తీయలేదు. ఇప్పుడు నాయన లేడు. తిరుపతిలో నేను పాస్టరుగా ఉన్న సంఘానికి బాప్తిస్మాలకు గచ్చు తొట్టి ఉంది, రొమ్ము లోతు, అడుగు కనబడుతుంది, ప్రమాదం ఏమీ లేదు. చివరి పాఠంలో నేనూ అదే మాట చెబుతాను. చెప్పగానే ఎదుట కూర్చున్నవాళ్ల ముఖాలు ఒక్కొక్కటీ చూస్తాను, వీళ్లలో నిజంగా నమ్మేవాడు ఎవరని. అప్పుడు నాకు ఆ బావి చలి తగులుతుంది.